గీజర్ షాక్ కొడితే ఎవరి బాధ్యత? అద్దె ఇల్లు, ఇన్సూరెన్సు

ప్రశ్న: విజయవాడ సింగ్ నగర్‌లో మాకో డాబా ఇల్లుంది. కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి. నాన్నగారు కట్టించి 18 ఏళ్లయింది. ఆయన పోయాక ఇల్లు నాకు వచ్చింది. నేను హైదరాబాద్‌లో ఉంటాను కాబట్టి మూడూ అద్దెకిచ్చాను. అంతా నోటి మాటే, అగ్రిమెంట్లు రాసుకోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కింద ఐదడుగుల నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక పెయింట్ వేయించి, వేరే వాళ్లకు అద్దెకిచ్చాను. మొన్న కింది పోర్షన్ ఆవిడ ఫోన్ చేసి, గీజర్ వేసి కుళాయి తిప్పితే షాక్ కొట్టిందని, ఏదైనా జరిగితే బాధ్యత నాదేనని అన్నారు. తెలిసిన ఏజెంటు ఇంటికి 80 లక్షలకు ఇన్సూరెన్సు చేయించమంటున్నాడు. ఇన్సూరెన్సు ఉంటే ఇలాంటివన్నీ అదే చూసుకుంటుందా? ఏది నా ఖర్చు, ఏది వాళ్ల ఖర్చు?
– ఒక పాఠకురాలు

జవాబు: మిగతావన్నీ తర్వాత చదవండి. ముందు ఆవిడకు ఫోన్ చేసి మెయిన్ బోర్డులో గీజర్ ఎంసీబీని (ఎక్కువ కరెంటు పారితే దానంతట అదే పడే స్విచ్చి) కిందికి దించేయమనండి. గోడ మీద స్విచ్చి ఆపితే సరిపోదు. పాత ఇళ్లలో స్విచ్చి కరెంటు తెచ్చే ఫేజు వైరుకు బదులు, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ మీద ఉండటం తరచూ కనిపిస్తుంది, అప్పుడు స్విచ్చి ఆపినా లోపల కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా నీళ్లు గ్యాసు మీద కాచుకోమనండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారేమో కూడా అడగండి.

కుళాయిలో షాక్ వచ్చిందంటే సాధారణంగా మూడు లోపాలు ఒకచోట కలిశాయని అర్థం. ఒకటి, గీజర్ లోపలి ఎలిమెంట్ పైతొడుగు తుప్పు పట్టి చిల్లుపడి కరెంటు నీళ్లలోకి దిగుతోంది. రెండు, అలా దిగిన కరెంటు భూమిలోకి పోవడానికి ఎర్తింగ్ సరిగా లేదు. మూడు, లీకును పసిగట్టి సరఫరా కట్ చేసే ఆర్‌సీసీబీ లేదు, లేదా ఉన్నా పనిచేయడం లేదు. ఎలిమెంట్ ఎప్పుడో ఒకప్పుడు పోయేదే, అది ఎవరి తప్పూ కాదు. మిగతా రెండూ ఉన్న ఇంట్లో ఎలిమెంట్ పోతే కరెంటు ట్రిప్ అయి ఊరుకుంటుంది, మనిషికి ఏమీ కాదు. ఎర్తింగ్, మెయిన్ బోర్డు ఇంటితోపాటు వచ్చేవి. అందుకే ఈ విషయంలో ఆవిడ అన్నమాట నిజం, బాధ్యత మీదే.

ఎంసీబీ ఉందిగా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎంసీబీ కాపాడేది వైరును. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. మూడు పోర్షన్లకూ మూడు విడివిడిగా పెట్టించండి. పెట్టాక అది ఊరికే పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ ‘ఇది పాత ఇల్లు, దీనికి సూటవదు’ అని తీసేస్తానంటాడు. ఒప్పుకోవద్దు. 18 ఏళ్ల ఇళ్లలో ఒక పోర్షన్ న్యూట్రల్ ఇంకో పోర్షన్‌తో, లేదా ఇన్వర్టర్ లైనుతో కలిసిపోయి ఉంటుంది. ఆర్‌సీసీబీ నుంచి వెళ్లిన కరెంటు అదే ఆర్‌సీసీబీకి తిరిగి రాకపోతే అది లీకు అనుకుని పడుతుంది. న్యూట్రళ్లు వేరు చేస్తే ఆగుతుంది. అప్పటికీ పడుతుంటే ఎక్కడో నిజంగానే లీకు ఉంది, వెతకాలి.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు 16 ఆంపియర్ల సాకెట్ విప్పించి, పైన ఉండే పెద్ద రంధ్రం పిన్నుకు వచ్చిన వైరు ఎటు పోతోందో చూపించమనండి. అది పచ్చ వైరై మెయిన్ బోర్డు మీదుగా ఎర్త్ గుంట దాకా వెళ్లాలి. కొన్ని ఇళ్లలో ఎర్త్ వైరు లాగకుండా, సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న ముక్క వైరు కలిపేస్తారు. టెస్టర్ పెడితే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందా, గీజర్ ఒళ్లంతా 230 వోల్టులే. ఆ ముక్క కనిపిస్తే వెంటనే తీయించి అసలైన ఎర్త్ లాగించండి. గీజర్ 2 కిలోవాట్లదైతే దానికి విడిగా ఎంసీబీ ఉండాలి, వైరు 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది వేయించడం మంచిది.

మీ ఇంటికి ఇంకో సంగతి కూడా ఉంది. ఐదడుగుల నీళ్లు నిలిచాయంటే స్విచ్‌బోర్డులన్నీ మునిగినట్టే, మన ఇళ్లలో అవి నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తులోనే ఉంటాయి కదా. మీరు పెయింట్ వేయించానని రాశారు, వైరింగ్ సంగతి రాయలేదు. నీటిలో మునిగిన ఎంసీబీలు, స్విచ్చులు, సాకెట్లు ఆరబెట్టి వాడేవి కావు. లోపల బురద, తుప్పు మిగిలిపోయి, ఏడాదికో రెండేళ్లకో వేడెక్కడం మొదలవుతుంది. గోడలోని పైపుల్లో నీళ్లు దిగి ఉంటే వైరు జాయింట్లు పాడవుతాయి. 500 వోల్టుల మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచే పరికరం) ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్రతి సర్క్యూట్‌కూ ఇన్సులేషన్ టెస్టు చేయించండి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపించిన వైరు మార్చేయాల్సిందే. పాత ఎర్త్ గుంట బురదతో పూడిపోయి ఉంటే కొత్తది తవ్వించండి. ఎలాగూ పని పెట్టుకుంటున్నారు కాబట్టి మెయిన్ బోర్డు, మోటారు స్టార్టరు, ఇన్వర్టరు మూడింటినీ వరద గీత కన్నా పైకి ఎత్తించండి. కింది అంతస్తు సరఫరా ఆపినా పై పోర్షన్‌కు కరెంటు ఉండేలా సర్క్యూట్లు విడదీయమనండి. పని అయ్యాక ఏ తేదీన ఏం మార్చారో రాసి ఉన్న బిల్లు తీసుకోండి. ఆ బిల్లు ఎందుకో ఇన్సూరెన్సు దగ్గర చెబుతాను.

ఇక ఏది ఎవరి ఖర్చు అన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ దీనికి పునాది. ఇంటి యజమాని చేయించాల్సిన మరమ్మతు గురించి అద్దెదారు తెలియజేసినా సహేతుకమైన సమయంలో చేయించకపోతే, వాళ్లే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. అద్దెదారు మాత్రం ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల తప్ప. ఏది ఎవరి మరమ్మతు అని వివరంగా రాసింది కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం. అది రాష్ట్రాలకు చూపిన నమూనా మాత్రమే, దానంతట అది అమల్లోకి రాదు. అయినా అందులోని పట్టిక న్యాయంగా ఉంటుంది, మీ అగ్రిమెంటులో దాన్నే పెట్టుకోవచ్చు. దాని ప్రకారం కట్టడానికి సంబంధించిన రిపేర్లు, గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు, నీటి పైపులు మార్చడం, లోపలా బయటా వైరింగ్ యజమానివి. కుళాయి వాషర్లు, కుళాయిలు, డ్రైనేజీ శుభ్రం, కమోడ్, వాష్‌బేసిన్ రిపేర్లు, స్విచ్చులు సాకెట్లు, తాళాలు గడియలు, పగిలిన కిటికీ అద్దాలు, దోమ జాలీలు అద్దెదారువి.

ఆ పట్టికలో గీజర్ రిపేరు అద్దెదారు వైపు ఉంది. దాన్ని పట్టుకుని ఆవిడతో వాదించకండి. ఎలిమెంట్ మార్చే ఖర్చు చిన్నది. ఎర్తింగ్ లేని ఇంట్లో గీజర్ బిగించి ఇవ్వడం వైరింగ్ కిందికి, అంటే మీ కిందికి వస్తుంది. చెప్పిన తర్వాత కూడా పట్టించుకోకపోతే సంగతి అద్దె తగాదాలా ఉండదు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. మీకు ఫోన్ వచ్చిన రోజు నుంచి ‘నాకు తెలియదు’ అనే మాట మీకు మిగల్లేదు. భయపెట్టాలని రాయడం లేదు, ఈ వారంలో అయిపోయే పనిని వచ్చే నెలకు తోయవద్దని రాస్తున్నాను.

మీ పెయింటు మేస్త్రి గోడ మీది వరద గీతను పుట్టీ పెట్టి కనబడకుండా చేసి ఉంటాడు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ గీత సంగతి చెప్పారా? ఇంట్లో మీకు తెలిసి, వచ్చేవాళ్లు మామూలుగా చూస్తే తెలియని పెద్ద లోపం ఏదైనా ఉంటే దాన్ని ముందే చెప్పాలని అదే 108వ సెక్షన్ అంటుంది. ఇంట్లోకి ఐదడుగుల నీళ్లు రావడం అలాంటిదే. పేటలో అందరికీ తెలుసు కాబట్టి చెప్పక్కర్లేదు అనుకోవద్దు, బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఏ వీధిలో ఎంత లోతు నిలిచిందో ఎలా తెలుస్తుంది? ‘2024 సెప్టెంబరు మొదటి వారంలో ఈ పోర్షన్‌లో ఐదడుగుల నీళ్లు నిలిచాయి’ అని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయండి. అద్దె కొంచెం తగ్గితే తగ్గనివ్వండి. వాళ్లు బీరువాలో కాగితాలు పై అరలో పెట్టుకుంటారు, ఫ్రిజ్ కింద ఎత్తు పెట్టుకుంటారు, సామాన్లకు ఇన్సూరెన్సు చేయించుకుంటారు. రేపు మళ్లీ నీళ్లొస్తే ‘మాకెందుకు చెప్పలేదు’ అనే మాట మీ మీదికి రాదు.

ఆ వాక్యం రాయాలంటే ముందు అగ్రిమెంటు ఉండాలి. ఏపీలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లో కొత్త చట్టం వచ్చింది, ఒప్పందం రాతలో ఉండాలన్నది అందులోని మొదటి షరతుల్లో ఒకటి. 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. చాలా రాష్ట్రాల్లో అది నిజం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి స్థిరాస్తి లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. రిజిస్టరు కాని కాగితంలోని షరతులు కోర్టులో రుజువుగా నిలబడటం కష్టం. మూడు పోర్షన్లకు మూడు అగ్రిమెంట్లు రాయించి రిజిస్టరు చేయించండి. అద్దె, అడ్వాన్సు, కరెంటు మీటరు రీడింగు, ఏ గదిలో ఎన్ని ఫ్యాన్లు, ఏ కంపెనీ గీజరు, ఏ నెంబరు, అన్నీ అందులో ఉండాలి. ఖాళీ ఇంటిని వాళ్ల ఎదుటే వీడియో తీసి ఇద్దరూ ఉంచుకోండి. ఇల్లు చూడటానికి వెళ్లాలనుకున్నప్పుడు ఒకరోజు ముందు చెప్పి పగటిపూట వెళ్తామని కూడా రాసుకుంటే హుందాగా ఉంటుంది. ఆధార్ కాపీలు తీసుకుని దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో అద్దెదారుల వివరాలు ఇవ్వండి.

రాసే అద్దె అసలు అద్దే అయ్యుండాలి. 12 వేలు తీసుకుంటూ పన్ను కోసం 7 వేలని రాసేవాళ్లున్నారు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్సులో అద్దె నష్టం క్లెయిము వేసే రోజు వస్తే కంపెనీ చూసేది ఆ 7 వేలనే.

ఇప్పుడు ఇన్సూరెన్సు. ‘ఇవన్నీ అదే చూసుకుంటుందా’ అని అడిగారు. చూసుకోదు. ఇంటి ఇన్సూరెన్సు హఠాత్తుగా జరిగే ప్రమాదానికి డబ్బు ఇస్తుంది. నెమ్మదిగా పాడయ్యేదానికి, మీరు చేయించని రిపేరుకు ఇవ్వదు. స్లాబు చెమ్మ, చెదలు, కొత్త కట్టడం కుదురుకునేటప్పుడు వచ్చే పగుళ్లు, ఎలిమెంట్ కాలిపోవడం ఇవేవీ రావు. షార్ట్ సర్క్యూట్‌లో గీజర్ ఒక్కటే కాలితే గీజర్‌కు డబ్బు రాదు. దాన్నుంచి మంట లేచి గది కాలితే గదికి వస్తుంది. అప్పుడు నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చి వైరింగ్ ఎప్పుడు చేయించారని అడుగుతాడు. ఎలక్ట్రీషియన్ బిల్లు దాచమన్నది అందుకే.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ తెచ్చింది. మూల షరతులు ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. నిప్పు, పిడుగు, భూకంపం, తుపాను, వరద, నేల కుంగడం, అల్లర్లు, వాహనం వచ్చి గుద్దడం, నీటి ట్యాంకు లేదా పైపు పగిలి పొంగడం ఇందులో ఉన్నాయి. వరద అందులోనే ఉంది, విడిగా కొనక్కర్లేదు. మీకు కావాల్సింది ఇదే. ఏజెంటును పాలసీ పేరు అడగండి. ‘హోమ్ ఇన్సూరెన్స్’ అని చెప్పి లోను తీసుకున్న మనిషి మీద ఉండే జీవిత బీమాను అంటగట్టడం కూడా జరుగుతుంటుంది.

80 లక్షలు అన్న అంకె ఎలా వచ్చిందో అడగండి. స్థలంతో కలిపి ఇంటి అమ్మకం ధర చెప్పి ఉంటాడు. స్థలం కాలిపోదు, కొట్టుకుపోదు. ఈ పాలసీలో ఇంటికి చేయించాల్సింది తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు. కార్పెట్ ఏరియాను, అంటే లోపలి వైశాల్యాన్ని, ఇప్పటి నిర్మాణ ఖర్చుతో హెచ్చవేయాలి. ఉదాహరణకు మూడు పోర్షన్ల లోపలి వైశాల్యం కలిపి 150 చదరపు మీటర్లు అనుకుందాం, అంటే దాదాపు 1,615 చదరపు అడుగులు. మీ పేటలో ఇద్దరు మేస్త్రీలను అడిగితే చదరపు మీటరుకు 20 వేలు అన్నారనుకోండి. 30 లక్షలు. ప్రహరీ, సంపు, గేటు, బయటి మెట్లకు ఇంకో 3 లక్షలు. 33 లక్షలకు చేయిస్తే చాలు. 80 లక్షలకు చేయించినా నష్టం జరిగినప్పుడు వచ్చేది అయిన ఖర్చే, మిగతాదానికి కట్టిన ప్రీమియం వృథా. తక్కువకు మాత్రం చేయించొద్దు. మూడేళ్లు, ఐదేళ్లకు ఒకేసారి తీసుకుంటే బీమా మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతట అదే పెరుగుతుంది. సిమెంటు, ఇసుక ధరలు పెరిగే మన దగ్గర ఇది పనికొచ్చే వసతి.

ఇంటికి బీమా తీసుకుంటే సామాన్లకు అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, విడిగా చెప్పకపోయినా కలిసి వస్తుంది. మీ లెక్కలో 6 లక్షల 60 వేలు. కానీ అవి మీ సామాన్లై ఉండాలి. మీరు పెట్టిన ఫ్యాన్లు, మోటారు, ఫర్నిచర్ వరకు. అద్దెకున్నవాళ్ల టీవీ, మంచం, బట్టలు మీ పాలసీలోకి రావు. చాలామంది అద్దెదారులు ఓనరు ఇన్సూరెన్సు తమకూ వస్తుందనుకుంటారు. ఇదే భారత్ గృహ రక్ష వాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. అగ్రిమెంటు రాసే రోజే చెప్పేయండి. వరదలో వాళ్ల సామాన్లు పోతే ఆ నష్టం మీరు భరించాల్సిన పని లేదు. మీరు రిపేరు చేయించని పైపు పగిలి సామాన్లు పాడైతే మాత్రం అడిగే హక్కు వాళ్లకుంటుంది.

మీలాంటివాళ్లకు ఇందులో అన్నిటికన్నా విలువైనది అద్దె నష్టం. నిప్పు, వరద వంటి బీమా ఉన్న ప్రమాదం వల్ల ఇల్లు నివసించడానికి పనికిరాకుండా పోతే, బాగుచేయడానికి పట్టే సహేతుకమైన కాలానికి, గరిష్ఠంగా మూడేళ్ల దాకా, మీరు కోల్పోయిన అద్దె ఇస్తారు. ఇల్లు నివాసానికి పనికిరాదని ఆర్కిటెక్టు లేదా స్థానిక సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ పెట్టాలి. అద్దెదారు అద్దె ఎగ్గొట్టడం, టూ-లెట్ బోర్డు పెట్టి నెలల తరబడి ఎవరూ రాకపోవడం దీనికి రావు. ఇది ఉంది కాబట్టే అగ్రిమెంటులో ఇంకో షరతు ధైర్యంగా పెట్టవచ్చు: ప్రమాదం వల్ల ఇల్లు ఉండటానికి వీల్లేకుండా ఉన్నన్ని రోజులు అద్దె ఉండదు. చట్టం ప్రకారం వరదకో నిప్పుకో ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతేనే అద్దెదారు ఒప్పందం రద్దు చేసుకోగలడు. రెండు వారాల నీళ్లకు, నెల బురదకు చట్టంలో స్పష్టమైన దారి లేదు. 2024లో కింది అంతస్తు కుటుంబాలకు ప్రభుత్వం 25 వేల సాయం ఇచ్చింది. ఆ డబ్బుతో స్టవ్వు, పరుపులు కొనుక్కుంటున్న మనుషుల్ని సెప్టెంబరు అద్దె అడగాల్సి రావడం ఎవరికీ బాగుండదు.

పాలసీ తీసుకునేటప్పుడు నాలుగు నిజాలు దాచకుండా రాయండి. ఇల్లు మీ పేరున ఉంది కాబట్టి పాలసీ మీ పేరునే ఉండాలి, నాన్నగారి పేరున పాతది ఏదైనా ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. ఇల్లు అద్దెకిచ్చామని రాయండి, ‘సొంత నివాసం’ అన్న గడిలో టిక్ పెట్టనీయకండి. 2024లో వరద వచ్చిందని రాయండి. పోర్షన్లలో వ్యాపారం ఏదైనా జరుగుతుంటే చెప్పండి. కింది పోర్షన్ వాళ్లు ముందు గదిలో కర్రీ పాయింటు పెట్టినా, సామాన్లు నింపి గోడౌన్ చేసినా అది నివాసం కింద ఉండదు. క్లెయిము తిరస్కరించడానికి ఇలాంటి దాపరికాలే కంపెనీకి ఆధారం. అద్దెదారు ఖాళీ చేసినా, ఇల్లు నెల దాటి ఖాళీగా ఉన్నా కంపెనీకి మెయిల్ పెట్టండి.

మీరు అడిగిన షాక్ సంగతికి వస్తే, ఆవిడకు ఏదైనా జరిగి మీరు పరిహారం ఇవ్వాల్సి వస్తే భారత్ గృహ రక్ష మూల పాలసీ దానికి పనికిరాదు. అది ఇంటికి, సామాన్లకు మాత్రమే. ఇతరులకు జరిగిన హానికి పబ్లిక్ లయబిలిటీ కవర్ విడిగా చేర్చుకోవాలి. హౌస్‌హోల్డర్ ప్యాకేజీ పాలసీల్లో అది ఒక భాగంగా ఉంటుంది. అద్దెకిచ్చిన ఇంటికి వర్తిస్తుందా లేదా అని రాతలో అడిగి తెలుసుకున్నాకే కట్టండి. దొంగతనం కూడా అంతే: మూల పాలసీలో వరద, అల్లర్ల వంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనమే ఉంటుంది. మామూలు దొంగతనానికి అదనపు కవర్ కావాలి, అద్దెదారే ఫ్యాన్లు విప్పుకుపోతే సాధారణంగా దానికీ రాదు.

గ్యాసు విషయం చాలామంది ఓనర్లకు తట్టదు. గృహ వినియోగ సిలిండరు ప్రమాదాలకు ఆయిల్ కంపెనీల బీమా ఉంది. మరణానికి మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా. ఈ ఆస్తి నష్టం కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగినదానికే. అద్దెకొచ్చినవాళ్లు ఎక్కడో ఊళ్లో తీసుకున్న కనెక్షన్ మీద సిలిండరు తెచ్చుకుని వాడుతుంటే ఆ 2 లక్షలు రావు. దిగిన నెలలోపు చిరునామా మార్పించుకోవాలని అగ్రిమెంటులో రాయండి. గ్యాసు పైపు మీద తేదీ ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చాలి. మెట్ల కింద ఎలక్ట్రిక్ స్కూటర్‌ను ఎక్స్‌టెన్షన్ బాక్సుతో చార్జింగ్ పెడుతున్నారేమో కూడా చూడండి. పై పోర్షన్ వాళ్లకు బయటికి దారి ఆ మెట్లే. బయటి గోడకు విడిగా 16 ఆంపియర్ల సాకెట్, దానికో ఎంసీబీ పెట్టించి ఇస్తే సరిపోతుంది.

ఇంకా వెళ్లినప్పుడు సంపు మూతకు తాళం ఉందో లేదో, పిట్టగోడ కనీసం ఒక మీటరు ఎత్తుందో లేదో చూసుకోండి. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి శుభ్రం చేయించకండి, మిషను లారీనే పిలవండి. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మనిషిని దింపించినవాళ్లకు మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఓ మనిషి ప్రాణం పోతే అవి కూడా చిన్నవే.

మళ్లీ నీళ్లొస్తే ఏం చేయాలో కూడా చెబుతాను, మీరు దూరంగా ఉంటారు కాబట్టి. పై పోర్షన్ వాళ్లకు మెయిన్ ఆపడం చూపించి ఉంచండి. నీళ్లు తగ్గగానే, కడిగే ముందే, గోడ మీద నీటి గీత పక్కన టేపు పెట్టి ప్రతి గదిలో ఫొటోలు తీయించండి. అదే రోజు కంపెనీకి ఫోనుతోపాటు మెయిల్ కూడా చేసి క్లెయిము నెంబరు తీసుకోండి. క్లెయిము ఫారం నష్టం చూసిన 30 రోజుల్లోపు చేరాలి. ఉబ్బిన తలుపులు, పాడైన మోటారు సర్వేయరు చూసేదాకా పారేయొద్దు. నష్టం పెరగకుండా నీళ్లు తోడించడం, బురద తీయించడం చేయవచ్చు, ఆ రసీదులు ఉంచండి. చెత్త, శిథిలాలు తొలగించడానికి క్లెయిములో 2 శాతం, ఆర్కిటెక్టు ఫీజులకు 5 శాతం దాకా కూడా అడగవచ్చు, అడగనివాళ్లే ఎక్కువ. కంపెనీ తక్కువ ఇచ్చినా, తిరస్కరించినా ముందు వాళ్ల ఫిర్యాదు విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్సు తగాదాలు తీర్చే అధికారి, అంటే ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. 50 లక్షల దాకా తగాదాలు చూస్తారు, రుసుము లేదు, లాయరు అక్కర్లేదు.

ఆ కింది పోర్షన్ ఆవిడకు ఈ రోజే మెసేజ్ పెట్టండి. ఇలా రాస్తే చాలు: ‘మీరు గీజర్ షాక్ గురించి చెప్పారు. ఎంసీబీ ఆపి ఉంచండి, గీజర్ వాడకండి. ఎలక్ట్రీషియన్‌ను ఫలానా రోజు పొద్దున పంపుతున్నాను, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ, వైరింగ్ అన్నీ చూస్తాడు. ఖర్చు నాది. ఆ రోజు మీకు వీలవుతుందా?’